ఫండస్ ఫొటో పాడవకుండా తీయడం ఎలా: చీకటి గది నుంచి చివరి క్లిక్ దాకా

మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజే ఒక ఫండస్ ఫొటో, అంటే కంటి లోపలి వెనక గోడ (రెటీనా) ఫొటో, చూపిస్తాను. అరవై దాటిన ఒక పెద్దావిడ కుడి కన్ను. పన్నెండేళ్లుగా షుగర్. ఆప్టిక్ డిస్క్ (కంటి నరం మొదలయ్యే గుండ్రటి చోటు) చక్కగా ఉంది, రక్తనాళాలు తెలుస్తున్నాయి. కానీ ఎడమ అంచు నుంచి లోపలికి పాకి, మాక్యులాను (సూటి చూపుకు పనికొచ్చే రెటీనా మధ్య భాగాన్ని) కప్పేస్తూ నెలవంక ఆకారంలో తెల్లటి పొగ. "ఇదేం జబ్బు మేడమ్?" అని అడుగుతారు. కంట్లో ఆ పొగ లేనే లేదు. కెమెరా కొద్దిగా పక్కకు జరిగి ఉంది, అంతే.

ఆ ఫొటో తీసింది నేనే, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక క్యాంపులో. బయట వరుస పెరిగిపోతోంది. డిస్క్ కనిపిస్తోంది కదా అని సేవ్ కొట్టి తర్వాతి మనిషిని పిలిచాను. ఆవిడ మళ్లీ ఏడాదిన్నరకు వచ్చింది, మాక్యులాలో వాపుతో. మొదటి రోజు ఆ పొగ వెనక ఏముందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అప్పట్నుంచి నాకొక అలవాటు పడింది: మనిషి గడ్డం ఇంకా చిన్ రెస్ట్ మీద ఉండగానే ఫొటోను పూర్తిగా చూస్తాను. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ అలవాటు చుట్టూ ఉన్న పనే.

ఇది విజన్ సెంటర్లలో, షుగర్ క్లినిక్‌లలో, క్యాంపుల్లో టేబుల్ మీద పెట్టే 45 డిగ్రీల నాన్ మిడ్రియాటిక్ (పాపను పెద్దది చేసే చుక్కల మందు లేకుండా తీయగల) కెమెరాతో పనిచేసే టెక్నీషియన్లు, ఆప్టోమెట్రిస్టులు, నర్సుల కోసం. ఫోన్‌తో తీసేవాళ్ల కోసం కూడా చివర్లో కొంచెం ఉంది.

ముందు వెలుతురు దారి తెలుసుకోండి

ఈ ఒక్క విషయం అర్థమైతే సగం తప్పులకు కారణం మీకే తెలిసిపోతుంది. రెటీనా చీకటి గదిలాంటిది. ఆ గదికి ఉన్న ఒకే ఒక్క కిటికీ కనుపాప, మన వాడుకలో పాప. వెలుతురు లోపలికి వెళ్లేదీ అందులోంచే, బొమ్మ బయటకు వచ్చేదీ అందులోంచే. కిటికీకి అద్దంలా ముందు కార్నియా ఉంది. రెటీనా తిప్పి పంపే వెలుతురు చాలా తక్కువ. కార్నియా మీద మెరుపు దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రెండూ కలిస్తే మనకు కనిపించేది మెరుపు ఒక్కటే.

దీనికి కెమెరా చేసే ఉపాయం గారె లాంటిది. వెలుతురును చిల్లు ఉన్న గారె ఆకారంలో పంపుతుంది. గారె కండ ఉన్నచోట నుంచి వెలుతురు లోపలికి వెళ్తుంది, మధ్య చిల్లులోంచి రెటీనా బొమ్మ బయటకు వస్తుంది. రెండు దారులూ కార్నియా దగ్గర, లెన్స్ దగ్గర కలవకూడదు. ఇలా దారులు విడదీయాలనే సూత్రాన్ని నిలబెట్టింది స్వీడన్ కంటి వైద్యుడు ఆల్వార్ గుల్‌స్ట్రాండ్. కంటిలో కాంతి నడిచే తీరు మీద చేసిన పనికి ఆయనకు 1911లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు చూడండి. పాప చిన్నగా ఉంటే గారె అంచు ఐరిస్‌కు (పాప చుట్టూ ఉండే రంగు పొరకు) తగులుతుంది, వెలుతురు లోపలికి పోదు. కెమెరా పక్కకు జరిగితే గారెలో ఒక వైపు మాత్రమే ఐరిస్‌కు తగిలి, ఆ వైపు నెలవంక వస్తుంది. దూరం తప్పితే, అంటే మరీ దగ్గరకో మరీ వెనక్కో వెళ్తే, చుట్టూ వలయంలా పొగ వస్తుంది. పాప సైజు, కేంద్రం, దూరం: ఈ మూడింటినీ చేతిలో పెట్టుకోవడమే మన పని.

గది: ఇక్కడే ఎక్కువ ఫొటోలు పోతాయి

మందు వేయకుండా ఫొటో తీస్తున్నామంటే పాపను పెద్దది చేసేది చీకటి ఒక్కటే. ఫోకస్ చేసేటప్పుడు కెమెరా వాడేది ఇన్‌ఫ్రారెడ్, అది కంటికి కనిపించదు కాబట్టి పాప ముడుచుకోదు. కానీ కిటికీ సందులోంచి పడే ఎండకు ముడుచుకుంటుంది. చాలా మోడళ్లకు కనీసం 4 మిల్లీమీటర్ల పాప కావాలి. స్మాల్ ప్యూపిల్ మోడ్ ఉన్నవాటిలో కొన్ని 3.3 మిల్లీమీటర్ల దాకా సర్దుకుంటాయి, కానీ ఫొటో అంచులు కాస్త చీకటిగా వస్తాయి.

గది సంగతి చిన్న విషయం అనుకునేవాళ్లకు నేను థాయ్‌లాండ్ అనుభవం చెబుతాను. డయాబెటిక్ రెటినోపతీని (షుగర్ వల్ల రెటీనాకు వచ్చే జబ్బును) గుర్తుపట్టేలా గూగుల్ తయారుచేసిన ఏఐని 2018, 2019లో అక్కడ 11 క్లినిక్‌లలో వాడి చూశారు. ఆ ఏఐకి నేర్పడానికి వాడిన ఫొటోల్లో మన దేశపు కంటి ఆసుపత్రులవి కూడా ఉన్నాయి. తీరా వాడుకలోకి వచ్చాక 1,838 ఫొటోల్లో 21 శాతాన్ని నాణ్యత చాలదని సిస్టమ్ తిరగ్గొట్టింది. నర్సులు శ్రద్ధగానే తీశారు. 11 క్లినిక్‌లలో రెండింటికే స్క్రీనింగ్ కోసం చీకటి చేయగల ప్రత్యేక గది ఉంది. ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ ఉన్నా కిటికీకి కర్టెన్ లేకపోతే ఇంతే.

గదిని ఇలా పరీక్షించుకోండి. తలుపు మూసి, లైట్లు ఆపి, పేషెంట్ కూర్చునే స్టూల్ మీద మీరే రెండు నిమిషాలు కూర్చోండి. కళ్లు అలవాటు పడ్డాక ఎక్కడెక్కడి నుంచి వెలుతురు వస్తోందో అప్పుడు తెలుస్తుంది. తలుపు కింద సందు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రంధ్రం, స్టెబిలైజర్ మీద ఎర్ర లైటు, అన్నిటికంటే ముఖ్యంగా మీ కంప్యూటర్ స్క్రీన్. దాన్ని పేషెంట్ ముఖం వైపు కాకుండా పక్కకు తిప్పి వెలుగు తగ్గించండి.

క్యాంపు స్కూల్లో అయితే మెట్ల కింద గది గానీ, సామాన్ల గది గానీ అడగండి. హెడ్‌మాస్టరు గారు మర్యాదకొద్దీ పెద్ద క్లాస్‌రూమ్ ఇస్తామంటారు, వద్దని చెప్పండి. కిటికీలకు నల్ల చార్టులు, టేపు మీ సామాన్లలోనే పెట్టుకుని వెళ్లండి. ఏదీ లేకపోతే పేషెంట్ తల మీదుగా కెమెరా దాకా మందపాటి నల్లగుడ్డ కప్పినా పని జరుగుతుంది. పక్కన కుర్చీలు వేసి తర్వాతి ఇద్దరిని కూడా అదే చీకట్లో కూర్చోబెడితే వాళ్ల వంతు వచ్చేసరికి పాపలు సిద్ధంగా ఉంటాయి.

ఫ్యాన్ గాలి ముఖానికి నేరుగా తగలనివ్వకండి. కన్నీటి పొర ఆరిపోయి ఫొటో మసకబారుతుంది.

పొద్దున్నే లెన్స్

కెమెరా ఆన్ చేశాక, ఎవర్నీ పిలవకముందే లెన్స్ మూత పెట్టి ఒక ఫొటో తీయండి. నల్లటి ఫ్రేము రావాలి. తెల్ల చుక్కలు కనిపించాయంటే లెన్స్ మీద దుమ్మో, కన్నీటి తుంపరో, వేలిముద్రో ఉంది. టార్చ్ పక్క నుంచి ఏటవాలుగా వేసి చూస్తే ఎక్కడుందో కనిపిస్తుంది.

తుడవడంలో వరుస ముఖ్యం. మొదట రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టండి. తర్వాత మెత్తటి లెన్స్ బ్రష్. అప్పటికీ మరక పోకపోతేనే లెన్స్ టిష్యూ మీద క్లీనర్ రెండు చుక్కలు వేసి, మధ్య నుంచి మొదలుపెట్టి చుట్టుకుంటూ అంచుకు వెళ్లండి. క్లీనర్‌ను లెన్స్ మీద నేరుగా పోయకండి. దుమ్ము ఊదకుండా టిష్యూతో రుద్దితే ఆ దుమ్మే ఇసుక కాగితంలా గీతలు పెడుతుంది. చున్నీ, కర్చీఫ్, నోటి ఆవిరి ఏవీ వద్దు. నోటితో ఊదితే తుంపర్లు కూడా పడతాయి.

కాకినాడ, విశాఖ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇంకో బెడద ఫంగస్. సాయంత్రం మూత, కవరు వేసి లోపల సిలికా జెల్ పొట్లాలు పెట్టండి. వాటి రంగు మారితే వెంటనే మార్చండి. ఒకసారి లోపలి అద్దాలకు ఫంగస్ పట్టిందంటే మన చేతుల్లో ఉండదు, సర్వీసు ఇంజనీరు రావాల్సిందే.

ఫొటో కంటే ముందు ఏం చేయకూడదు

కంటిని తాకే పరీక్షలన్నీ ఫొటో తర్వాతే. కంటి టెన్షన్ (లోపలి ఒత్తిడి) చూడటానికి పసుపు రంగు ఫ్లోరసిన్ వేసినా, గోనియోస్కోపీకి (కంటి మీద లెన్స్ ఆనించి చేసే పరీక్షకు) జెల్ పెట్టినా, కార్నియా మీద పొర చెదిరి ఆ తర్వాత తీసిన ఫొటో అద్దం మీద ఆవిరి పట్టినట్టు వస్తుంది. స్లిట్ ల్యాంప్ (కన్ను పరీక్షించే మైక్రోస్కోప్) వెలుతురు బాగా పడిన కన్ను కూడా కాసేపు ముడుచుకునే ఉంటుంది. పనుల వరుస మార్చడానికి రూపాయి ఖర్చు లేదు, అయినా చాలాచోట్ల వరుస తప్పుగానే నడుస్తోంది. మీ సెంటర్లో ఎలా ఉందో ఒకసారి గమనించండి.

కళ్లజోడు, కాంటాక్ట్ లెన్సులు తీయించండి. కాటుక పెట్టుకుని వస్తే తడి దూదితో తుడవమనండి. కాటుక అంటిన రెప్పవెంట్రుకలు ముద్దలు కట్టి లెన్స్‌కు మరకలు చేస్తాయి. నుదుటి పట్టీకి కొబ్బరినూనె అంటితే తర్వాతి మనిషి తల జారుతుంది. ప్రతి మనిషికీ తుడవాలి, శుభ్రత కోసం ఎలాగూ తుడవాల్సిందే.

చుక్కల మందు వేయాలా? చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్లలో పాపను పెద్దది చేసే నరాలు కూడా దెబ్బతిని చీకట్లోనూ పాప తెరుచుకోదు. శుక్లం ఉన్న పెద్దవాళ్ల సంగతీ అంతే. ఇలాంటివాళ్లకు మందు లేకుండా పదిసార్లు ఫ్లాష్ కొట్టి విసిగించేకంటే, మీ సెంటర్ పద్ధతి ప్రకారం డాక్టరు అనుమతితో చుక్కలు వేయడం మేలు. ట్రోపికమైడ్ పూర్తిగా పనిచేయడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మన దగ్గర ఎక్కువగా దొరికే మందులో ట్రోపికమైడ్‌తో పాటు ఫినైలెఫ్రిన్ కూడా కలిసి ఉంటుంది. బీపీ అదుపులో లేనివాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఆ కలిపిన మందు విషయంలో డాక్టరును అడగకుండా ముందుకు వెళ్లవద్దు.

చుక్కలు వేసేముందు టార్చ్‌ను చెవి వైపు నుంచి కంటికి అడ్డంగా వేయండి. ముక్కు వైపు ఐరిస్ మీద నీడ పడితే కంటి ముందు గది (కార్నియాకూ ఐరిస్‌కూ మధ్య జాగా) లోతు తక్కువని అనుమానించాలి, డాక్టరుకు చూపించాలి. చుక్కలు వేసినవాళ్లకు కొన్ని గంటలు దగ్గరి చూపు మసకగా ఉంటుందని, బండి నడపకూడదని, కంటిలో నొప్పి, ఎరుపు, వాంతి వస్తే వెంటనే రావాలని వాళ్లకూ చెప్పండి, తోడు వచ్చినవాళ్లకూ చెప్పండి.

కూర్చోబెట్టడం

మెడ వంగి, నడుము లేచి కూర్చున్న మనిషి నిమిషం కూడా కదలకుండా ఉండలేరు. ముందు స్టూల్ ఎత్తు, తర్వాత టేబుల్ ఎత్తు, ఆ తర్వాతే చిన్ రెస్ట్. కంటి బయటి మూల పక్కన కమ్మీ మీద ఉన్న గీతకు సమానంగా రావాలి. నుదురు పట్టీకి ఆనే ఉండాలి. ఇక్కడ కూడా చాలా ఫొటోలు పోతాయి: ఫ్లాష్ అనగానే మనిషి భయంతో తల అర అంగుళం వెనక్కి లాగుతాడు. క్లిక్‌కు ముందు ప్రతిసారీ పక్క నుంచి ఒక్క చూపు చూడండి, నుదురు ఆనిందో లేదో.

మాట కూడా పరికరమే. "పెద్దమ్మా, లోపల పచ్చ దీపం కనబడుతోందా? దాన్నే చూస్తా ఉండు. ఒక్కసారి మెరుపు మెరిసినట్టు అవుతుంది, నొప్పేమీ ఉండదు" అని ముందే చెబితే సగం కదలిక తగ్గుతుంది. చెప్పకుండా ఫ్లాష్ కొడితే రెండో ఫొటోకు మనిషి ముందే కళ్లు మూసేసుకుంటారు. చెవులు వినిపించని తాతకు తోడు వచ్చిన మనవడి చేత చెప్పించండి, లేదా భుజం మీద తట్టడాన్ని గుర్తుగా పెట్టుకోండి.

పచ్చ దీపం కనిపించడం లేదంటే ఆ మాట రాసుకోండి, అది మాక్యులా సమస్య కావచ్చు. అప్పుడు కెమెరాకు బయట ఉండే ఫిక్సేషన్ లైటును రెండో కంటికి చూపించి చూపు నిలపండి. రెండు కళ్లూ కలిసే కదులుతాయి కాబట్టి ఇది పనిచేస్తుంది.

అలైన్‌మెంట్, ఫోకస్, క్లిక్

ఇక్కడ తొందర వద్దు. మొదట కంటి ముందు భాగం స్క్రీన్ మీద కనిపిస్తుంది. పాపను సరిగ్గా మధ్యకు తెచ్చి, దాని సైజు చూడండి. చాలకపోతే ఇక్కడే ఆగండి, ఇంకో రెండు నిమిషాలు చీకటి ఇవ్వండి. తర్వాత రెటీనా వైపు మార్చి, దూరాన్ని చూపే రెండు చుక్కలు పదునుగా వచ్చేదాకా జాయ్‌స్టిక్‌ను ముందుకు వెనక్కు వెంట్రుకవాసి చొప్పున కదపండి. చుక్కలు పెద్దగా చెదిరి ఉంటే దూరం తప్పింది. ఆ తర్వాతే ఫోకస్ గీతలు. రెండు ముక్కలూ ఒకే గీతగా కలవాలి. కొన్ని మోడళ్లలో ఇవన్నీ ఆటోమేటిక్, అయినా మీ కన్ను స్క్రీన్ మీదే ఉండాలి. మచ్చ ఉన్న కార్నియా, చిన్న పాప దగ్గర ఆటో మోడ్ తడబడుతుంది, మాన్యువల్‌కు మారడం వచ్చి ఉండాలి.

గీతలు ఎంత తిప్పినా కలవడం లేదా? మనిషి కళ్లజోడు చేతిలోకి తీసుకుని చూడండి. పెద్ద మైనస్ పవర్ ఉంటే కెమెరాలోని మైనస్ కాంపెన్సేషన్ పెట్టాలి. కంట్లో లెన్స్ పెట్టకుండా పాతకాలంలో శుక్లం ఆపరేషన్ చేయించుకుని సోడాబుడ్డి కళ్లద్దాలతో వచ్చే పెద్దవాళ్లు పల్లెల్లో ఇంకా కనిపిస్తారు. వాళ్లకు ప్లస్ కాంపెన్సేషన్ కావాలి. ఈ స్విచ్ ఉందనే తెలియక "ఫొటో రాదు" అని రాసి పంపేసిన కేసులు నేను చూశాను.

అంతా కుదిరాక: "రెండుసార్లు రెప్పలు ఆర్పండి... ఇప్పుడు కళ్లు పెద్దగా తెరవండి" అని, తెరిచిన సెకనులోనే క్లిక్. రెప్ప ఆర్పినప్పుడు కన్నీటి పొర నున్నగా పరుచుకుంటుంది, ఎక్కువసేపు తెరిచి ఉంచితే చెదురుతుంది. "ఆర్పకండి, ఆర్పకండి" అంటూ పావు నిమిషం తెరిపించి ఉంచడం కంటే పెద్ద పొరపాటు లేదు. రెప్ప వాలిపోయేవాళ్లకు పక్క మనిషి దూది పుల్లతో పై రెప్పను పైకెత్తి కనుబొమ్మ కింది ఎముకకు ఆనించి పట్టుకోవాలి. కనుగుడ్డు మీద ఒత్తిడి పడకూడదు.

మాక్యులా మధ్యలో ఉన్న ఫొటోను ముందు తీయండి, డిస్క్ మధ్యలో ఉన్నదాన్ని తర్వాత. పాప అత్యంత పెద్దగా ఉండేది మొదటి ఫ్లాష్‌కు ముందే. షుగర్ మనిషికి చూపు పోగొట్టే వాపు వచ్చేది మాక్యులాలోనే కాబట్టి మంచి అవకాశాన్ని దానికే ఇవ్వాలి.

గడ్డం తీయనివ్వకముందే ఫొటో చదవండి

ఫొటో రాగానే స్క్రీన్ నిండా పెద్దది చేయండి. బ్రిటన్ డయాబెటిక్ కంటి స్క్రీనింగ్‌లో వాడే కొలత నాకు ఇష్టం, ఎందుకంటే అది ఫొటో అందాన్ని కాకుండా ఉపయోగాన్ని కొలుస్తుంది. మాక్యులా ఫొటో మంచిది అనాలంటే ఫోవియా (మాక్యులా నడిమి బిందువు) ఫొటో కేంద్రానికి ఒక డిస్క్ వెడల్పు లోపల ఉండాలి, ఫోవియా చుట్టూ ఒక డిస్క్ వెడల్పులో సన్న రక్తనాళాలు స్పష్టంగా కనిపించాలి, ఫొటోలో 90 శాతానికి పైగా నాళాలు తెలియాలి. డిస్క్ ఫొటోలో డిస్క్ కేంద్రం అలాగే మధ్యలో ఉండి, డిస్క్ మీద పాకే వెంట్రుకలాంటి నాళాలు కనిపించాలి. నేను ఎప్పుడూ ఆ సన్న నాళాలనే చూస్తాను. పెద్ద నాళాలు పాడైన ఫొటోలోనూ కనిపిస్తాయి, అవి మనల్ని మోసం చేస్తాయి.

బాగా రాకపోతే అదే పద్ధతిలో మళ్లీ క్లిక్ కొట్టకండి. ఏం పాడైందో చూసి, ఆ ఒక్కటే మార్చండి.

ఒక పక్క తెల్లగానో నీలంగానో నెలవంక ఉంటే కేంద్రం తప్పింది. జాయ్‌స్టిక్‌ను కొంచెం ఒక వైపు కదపండి. లైవ్‌లో పొగ తగ్గితే అదే దిశ, పెరిగితే రెండో దిశ. పొగ చుట్టూ వలయంలా ఉంటే దూరం. ఒక పక్క పొగకు బదులు చీకటిగా ఉంటే పాప చాలలేదు. ఫ్లాష్ పెంచడం దానికి మందు కాదు, చీకటి గానీ చుక్కలు గానీ కావాలి.

అంచున దువ్వెన పళ్లలా మసక చారలు ఉంటే రెప్పవెంట్రుకలు. ఫొటో సగమో మొత్తమో గులాబీ రంగు గోడలా వస్తే రెప్ప వాలింది.

మొత్తం మసకగా ఉన్నప్పుడే అసలు ఆలోచించాలి. ఫోకస్ తప్పిందా, కన్నీటి పొరా, శుక్లమా? రెప్పలు ఆర్పించి తీస్తే బాగుపడితే కన్నీటి పొర. ఫోకస్ గీతలు కలిపి తీస్తే బాగుపడితే ఫోకస్. రెండూ చేసినా, ఇన్‌ఫ్రారెడ్‌లో లైవ్ బొమ్మ ఫర్వాలేకుండా ఉండి ఫ్లాష్ ఫొటో మాత్రం పాల మీది మీగడలా ఉంటే శుక్లమో, లోపల ఇంకేదో అడ్డం ఉంది. శుక్లం అంతటా ఒకేలా ఉండదు, దాని సందుల్లోంచి దారి దొరకవచ్చు. జాయ్‌స్టిక్‌ను పాప లోపలే అటూ ఇటూ కొంచెం జరుపుతూ, నాళాలు తేటగా కనిపించిన చోట ఆగి తీయండి. ఇక్కడ ఫ్లాష్ పెంచితే పొగ కూడా తెల్లబడుతుంది.

ఇక మచ్చలు. ఒకే చోట, ఒకే ఆకారంలో, కుడి కంటిలోనూ ఎడమ కంటిలోనూ, ముందు మనిషికీ వెనక మనిషికీ వస్తున్న మచ్చ ఎవరి కంటిలోనూ లేదు, లెన్స్ మీద ఉంది. అనుమానం వస్తే పచ్చ దీపం జాగా మార్చి ఇంకో ఫొటో తీయండి. జబ్బు మచ్చ రెటీనాతో పాటు కదులుతుంది, దుమ్ము కదలదు. ఈ పరీక్ష చేయకపోతే లెన్స్ మీది తెల్ల చుక్క కొవ్వు పేరుకున్న మచ్చలా, నల్ల చుక్క రక్తం చుక్కలా కనిపించి లేని జబ్బును అంటగడుతుంది. లేనిపోని కంగారు ఆ ఇంట్లో ఎన్ని రోజులు ఉంటుందో ఆలోచించండి.

పిల్లల్లో, పాతికేళ్ల లోపువాళ్లలో నాళాల పక్కన పట్టుచీర మెరిసినట్టు మెరుపు కనిపిస్తుంది. అది తప్పూ కాదు, జబ్బూ కాదు. ఫొటోకూ ఫొటోకూ జాగా మారుతుంటుంది.

ఫ్లాష్ ఎంత?

మన కళ్లలో రంగు ఎక్కువ, రెటీనా కాస్త ముదురుగా ఉండి వెలుతురును తాగేస్తుంది. అందుకని కెమెరా మామూలు సెట్టింగులో ఫొటో చీకటిగా వస్తే ఒక్క మెట్టు పెంచండి. అయితే డిస్క్‌ను చూస్తూ పెంచండి. డిస్క్ తెల్ల పళ్లెంలా వెలిగిపోతే అందులో గుంత అంచు కనిపించదు, గ్లకోమా చూసే డాక్టరుకు ఆ ఫొటో పనికిరాదు. మాక్యులాకు ఒక సెట్టింగు, డిస్క్‌కు ఒక మెట్టు తక్కువ పెట్టడం నా అలవాటు. స్క్రీన్ వెలుగు పెంచి ఫొటో బాగుందనుకోవద్దు, గ్రేడర్ (ఫొటో చదివి జబ్బు ఉందో లేదో చెప్పేవాళ్లు) స్క్రీన్ మీద అది చీకటిగానే ఉంటుంది. ఎర్ర రంగు తీసేసి పచ్చ ఛానెల్‌లో ఒకసారి చూస్తే సన్న రక్తం చుక్కలు, నాళాలు ఎంత తేటగా ఉన్నాయో తెలుస్తుంది.

రెండో కన్ను

ఒక కంటికి ఫ్లాష్ పడితే రెండు పాపలూ ముడుచుకుంటాయి. చుక్కలు వేయనివాళ్లకు రెండో కంటికి వెళ్లేముందు కనీసం రెండు మూడు నిమిషాలు ఆగాలి, పెద్ద వయసు షుగర్ మనుషులకు ఇంకా ఎక్కువ. ఆ సమయంలో లైటు వేయకండి. షుగర్ ఎప్పటి నుంచి ఉంది, మందులు మానేశారా అని చీకట్లోనే మాట్లాడుతూ ఉండండి. గడియారం చూడకండి, స్క్రీన్ మీద పాప సైజు చూడండి. ఎడమ కంటి ఫొటోలు కుడి కంటి ఫొటోలకంటే ఎప్పుడూ చీకటిగా వస్తున్నాయంటే మీరు ఆగడం లేదన్నమాట.

ఫోన్‌తో తీసేవాళ్లకు

20 డయాప్టర్ లెన్స్ చేత్తో పట్టుకుని ఫోన్ ఫ్లాష్‌తో తీసేవాళ్లకు చుక్కలు తప్పనిసరి. లెన్స్ కంటికి సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, చిటికెన వేలు నుదుటికి ఆనించి చేతిని నిలపండి. మెరుపు అడ్డం వస్తే లెన్స్‌ను కొద్దిగా వంచండి. ఫొటోకు బదులు వీడియో తీసి అందులోంచి తేటగా ఉన్న ఫ్రేమ్‌ను తీసుకోండి. ఈ పద్ధతిలో బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమలు మారి వస్తుంది. 180 డిగ్రీలు తిప్పి సేవ్ చేయడం మరచిపోతే కింది జబ్బు పైన ఉన్నట్టు రిపోర్టు వెళ్తుంది.

పంపేముందు

సరిగా నిలబెట్టిన మాక్యులా ఫొటోలో కుడి కంటి డిస్క్ కుడివైపు, ఎడమ కంటి డిస్క్ ఎడమవైపు ఉంటుంది. ఆ ఫొటోను ఒక్క క్షణం చూసుకుంటే చాలు, కళ్లు తారుమారు కావు. లేజర్ వేయాల్సిన కన్ను ఏదో ఫొటో మీద కుడి, ఎడమ అని మీరు పెట్టే గుర్తు మీదే ఆధారపడి ఉంటుంది.

వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే అది సైజు తగ్గించేస్తుంది, మొదట పోయేవి సన్న రక్తం చుక్కలే. వేరే దారి లేకపోతే డాక్యుమెంట్‌గా పంపండి, పేషెంట్ పేరు కనిపించకుండా నంబరుతో. స్క్రీన్‌కు ఫోన్ పెట్టి తీసిన ఫొటో పంపడం అయితే అస్సలు వద్దు.

రాని ఫొటో

అన్నీ చేశాక కూడా కొన్ని కళ్లకు ఫొటో రాదు. ముదిరిన శుక్లం, లోపల రక్తం కారడం, కార్నియా మీద మచ్చ, నడుము వంగిపోయి గడ్డం అసలు అందని మనిషి. మూడు నాలుగు ప్రయత్నాల తర్వాత ఆగిపోండి. కానీ ఆ కంటి ఎదురుగా "జబ్బు కనిపించలేదు" అని రాయకండి. "ఫొటో చదవడానికి పనికిరాదు, డాక్టరు నేరుగా చూడాలి" అని రాసి, కారణం కూడా రాయండి: పాప చిన్నది, శుక్లం, కదలిక, ఏదైతే అది. వచ్చిన ఫొటోల్లో కాస్త మెరుగైనది ఒకటి జత చేయండి, ఎంత పాడైనా గ్రేడర్‌కు అందులో ఏదో తెలియవచ్చు. రక్తం కారడం వల్ల మసకగా ఉందేమో అనిపిస్తే, చూపు హఠాత్తుగా తగ్గిందా అని అడిగి, అవునంటే ఆ రోజే పంపాలి.

పేషెంట్‌కు కూడా తేటగా చెప్పండి. "తాతా, నీ ఎడమ కన్ను ఫొటోలో సరిగ్గా కనబడలేదు. బాగుందని నేను చెప్పలేను, బాగోలేదని కూడా చెప్పలేను. పెద్దాసుపత్రిలో డాక్టరు గారు లోపల దాకా చూస్తారు, ఈ చీటీ పట్టుకెళ్లు" అని. చీటీ మీద తేదీ, ఏ కన్ను, ఎందుకు, ఎక్కడికి రాసి, తోడు వచ్చినవాళ్ల ఫోన్ నంబరు రిజిస్టర్‌లో ఎక్కించండి. వారం తర్వాత ఆ నంబరుకు ఒక ఫోన్ చేసి, వెళ్లారా లేదా అని అడగండి.